మా యింటి జెముడుమొక్క

మా చెల్లెలు నాలుగేండ్లు కాపురము చేసి, ఇక చాలునని, రెండేండ్ల క్రిందట చైత్రమాసమున పుట్టింటికి వచ్చినది. విజయనగరము స్టేషనునకు నేను పోయితిని. రెండు పెట్టెలు నా చేతికిచ్చినది. పుస్తకముల మూటను కూలివాని తలపై పెట్టించినది. ఒక చిన్న పింగాణీ కుండీని మాత్ర మెవ్వరికిని ఈయలేదు. ఆటోలో గూడ దానిని రెండు చేతులతో పట్టుకొనియే కూర్చున్నది. ముండ్లు గ్రుచ్చుకొనుట లేదా యని అడిగితిని. “నేను పట్టుకున్నది కుండీని అన్నయ్యా, మొక్కని కాదు” అని నవ్వినది. ఆ వారమంతయు ఆమె నవ్వగా నేను చూచినది ఆ యొక్కమారే.

ఆ కుండీలోని మొక్క దోసిట నిముడునంతది. గుండ్రనిది, పలకలు పలకలుగ నున్నది. పలకయంచుల వెంబడి తెల్లని నూగుచుక్కలు, ఒక్కొక్క చుక్కనుండి గోధుమవన్నె ముండ్లు అయిదారు. అడుగున ముత్యములంతలేసి పిలకలు మూడు. అత్తవారింట నది యొకసారి పూచినదట. సాయంకాలమున విచ్చుకొని, మరునాటి మధ్యాహ్నమునకు వాడిపోయిన తెల్లని పొడుగు పువ్వు. దానిని చూచుటకై రాత్రి రెండుమారులు లేచితినని చెప్పినది. ఆ నాలుగేండ్లను గూర్చి తనంత తాను నాతో చెప్పిన మాట యిదియే. నేనును అడుగలేదు. అడుగకపోవుటయే మర్యాద యనుకొంటిని. ఇప్పుడాలోచింపగా అది మర్యాదయో, భయమో తేల్చి చెప్పజాలకున్నాను.

సంస్కృతము చదివినవానికి ఏ వస్తువు నైనను ముందు పేరు విచారింపనిదే నిద్ర పట్టదు. మన మీ ప్రాంతమున జెముడని పిలుచు వానిలో రెండు వేర్వేరు కుటుంబములు గలవు. బొమ్మజెముడు, ఆకుజెముడు మన దేశమున పుట్టినవి. గిల్లిన తెల్లని పాలు కారును. స్నుహి యని మన వైద్యులు చెప్పునది వీనిలోనిదే. సమంతదుగ్ధ యనియు దీనికి పేరు. అన్నివైపులను పాలు గలది యని యర్థము. మూలవ్యాధికి కట్టు క్షారసూత్రమునకు దీని పాలే పూయుదురు. నాగజెముడు అట్టిది కాదు. దానికి పాలు లేవు, ముండ్లు నూగుచుక్కలనుండి పుట్టును, స్వస్థలము అమెరికాఖండము. ఇంగ్లీషువారు కాక్టసని యనునది యీ రెండవ కుటుంబము. 1753లో లిన్నేయసు పండితుడు ఆ పేరు పెట్టెను. ఆఫ్రికాలోను సింహళములోను సహజముగ పెరుగు నొక్క జాతిని మినహాయించినచో ఈ కుటుంబమంతయు ఆ ఖండమునకు చెందినదే. చెల్లెలు తెచ్చినదియు నీ కుటుంబపుదే; దక్షిణ అమెరికా పుట్టినిల్లుగా గల ఎకినాప్సిసు. ఇంత దూరము విచారించి సంతోషించితిని. అది యేమి త్రాగును, ఎంత త్రాగునని మాత్రము విచారింపనైతిని.

కుండీని చెల్లెలు ముందుగది కిటికీలో పెట్టుకొన్నది. ఆ కిటికీ తూర్పుది. ఉదయము ఎనిమిదింటివరకు ఎండ పడును.

జ్యేష్ఠమాసమున మా పెదతల్లిగారు వచ్చిరి. ఆమె మంచివారు. నా చిన్ననాట నాకు టైఫాయిడు జ్వరము వచ్చినపుడు ఇరువదియొక్క రాత్రులు నా మంచముకడ కూర్చున్నవారు. ఆ సంగతి మరచి యామెను నేను చిత్రింపదలచలేదు. ఆమె కాఫీ త్రాగి, గ్లాసు క్రింద పెట్టి, కిటికీవంక చూచి, “ముళ్ళమొక్క ఇంట్లో పెట్టుకుంటే కాపురాలు నిలబడతాయిటే? మీకెవరూ చెప్పలేదూ?” అనిరి. మా యమ్మతో అనిరి గాని చెల్లెలు అక్కడనే యున్నది. మా యమ్మ తల వంచుకొన్నది. నేను పత్రిక చదువుచుంటిని. పుట త్రిప్పితిని.

చదువరులు ఈ పుట త్రిప్పుటను గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. ఆ ముందు వారముననే మా పాఠశాలలో గురజాడ అప్పారావుగారిని గూర్చి ముప్పావుగంట సేపు మాటలాడియుంటిని. ‘కన్యాశుల్కము’ 1892లో మన విజయనగరముననే మొదట ఆడబడినదనియు, మూఢనమ్మకములు ఆడువారి మెడకే ముందు చుట్టుకొనుననియు, చూచియు నూరకుండువాడు చేయువానితో సమానుడనియు ఘంటాపథముగ చెప్పియుంటిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఇంటిలో నాకెదురుగ జరిగినపుడు మాత్రము నాకు సంపాదకీయము మిక్కిలి ముఖ్యముగ తోచెను.

ఆ నమ్మకమునందలి వింత యేమనగా, అది తనకు తానే విరుద్ధము. ముండ్లమొక్క యింటనుండిన కలహమనెడి మా వీథిలోనే పది గుమ్మములలో నాలుగింటికి దృష్టితగులకుండుటకై బ్రహ్మజెముడు ముక్కయో, కలబందయో తలక్రిందుగ వ్రేలాడుచుండును. గుమ్మము వెలుపల నున్న ముల్లు ఇంటిని కాపాడును, లోపలికి అడుగుపెట్టిన ముల్లు ఇంటిని కూల్చును! మా పెదతల్లిగారి గుమ్మమునకును కట్టియున్నది. ఈ వాదమంతయు నాకానాడే తెలియును. నోటియందు నాలుకయు నుండెను.

మరునాడు కిటికీలో కుండీ లేదు. పెరటిలో తులసికోట ప్రక్కన చూరుక్రింద నున్నది. అమ్మ తీయించినదనుకొంటిని. లోలోపల అమ్మపై కోపముగూడ వచ్చినది. తప్పిదము తనదైనపుడు కోపము ఇతరులపైకి మరలుట ఎంత సుకరము!

ఆషాఢము వచ్చినది. మన శ్రీకాకుళ విజయనగర మండలములలో ఏడాదికి వేయి మిల్లీమీటర్లకు పైబడి వాన కురియును. అందు సగమునకు మించి జ్యేష్ఠాషాఢములనుండి భాద్రపదము దాక నైఋతి ఋతుపవనముల పాలిది. చూరునుండి ధారకట్టి పడు నీరు ఎక్కడ పడునో ఆ కుండీ సరిగా అక్కడ నున్నది. వానలేని దినములలో మా యమ్మ తులసికి పోసి చెంబులో మిగిలిన నీటిని దానికి పోయుచుండెను. కిటికీనుండి దిగివచ్చిన మొక్కయని జాలి. కుండీ క్రింద, నేల పాడుకాకుండ, ఒక పళ్ళెము గూడ పెట్టినది; ఆ పళ్ళెమున ఎల్లప్పుడు రెండంగుళముల నీరు నిలిచియుండెడిది. మా యమ్మ చేతి నీటితో ఎండిపోయిన మల్లె చిగిర్చినది, కరివేప మాను కట్టినది. ఆ చేతిని ఎవరు శంకింతురు?

భాద్రపదమున ఒకనాడు పెరటిలోనికి పోయి చూచితిని గదా, మొక్క ఒకవైపునకు వ్రాలియున్నది. పచ్చదనము పోయి పాలిపోయిన పసుపువన్నె పలకలలో ప్రాకినది. క్రిందిభాగము ముడుతలు పడినది. ముడుతలు పడినది గావున దాహమనుకొని నేనొక చెంబెడు పోసితిని. నీరసించినది గావున ఆకలి యనుకొని రెండు గుప్పిళ్ళు పశువులపేడ యెరువు వేసితిని. ఇంగ్లీషు సంస్కృతము లెరిగిన ఇరువదియేండ్ల యుపాధ్యాయుడు రోగిని చంపుటకు ఇంతకంటె శీఘ్రమగు మార్గము కనుగొనజాలడు. నాలుగుదినములలో అడుగుభాగము వ్రేలితో నొక్కిన లోనికి పోవుచుండెను, పులిసిన వాసన.

చెల్లెలు చూచినది. ఏమియు ననలేదు. పారవేయుమనియు ననలేదు.

ఆ యాదివారము కడియపు మొక్కలు బండిమీద వేసికొని మా వీథికి వచ్చు నతనిని పిలిచి కుండీ చూపితిని. అతడు మొక్కను చూడకముందు పళ్ళెమును చూచెను. “నీళ్ళు నేక సచ్చీ మొక్క కాదు బాబూ ఇది. నీళ్ళెక్కువై సత్తంది. ఏర్లు కుళ్ళిపోనాయి. కుళ్ళిపోన ఏరు తాగనేదు గదా, అందికే పైన ఎండినట్టు అవుపిస్తంది. మీరు దానికింకా నీళ్ళే పోసినారా?” అని నావంక చూచిన చూపును నే నెన్నటికిని మరువను. నా విద్యార్థులను నేను చూచెడి చూపు అదియే. ఇంకను బ్రతుకునా యని యడిగితిని. “పైన గట్టిగా ఉన్నంతమట్టుకు ఉంచి, కింద కోసీండి. పిలకలున్నాయి గదా, అవీ తీసీండి. కోసినాక ఎంటనే పాతకండి. ఆరాల” అని చెప్పి, రూపాయి యైనను పుచ్చుకొనక పోయెను.

అటుపిమ్మట గ్రంథములు తిరుగవేసితిని. మొదట చేయవలసిన పని చివర చేయుట నా జాతకము. ఇతర వృక్షములు పగటివేళ ఆకులందలి సూక్ష్మరంధ్రములు తెరచి గాలి పీల్చును. పీల్చుచున్నంతసేపును ఒంటి నీరు ఆవిరియై పోవుచుండును. జెముడు పగలు ఆ రంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన పిమ్మట తెరచును. రాత్రి పీల్చిన బొగ్గుపులుసుగాలిని పుల్లని యామ్లముగ మార్చి దాచుకొని, పగలు తలుపులు మూసికొని ఆ నిలువతో వంట చేసికొనును. అందుచే దానికి నీటి ఖర్చు మిక్కిలి స్వల్పము. కఱవుకాలమునకు కూడబెట్టుకొను స్వభావము గలదానికి ప్రతిదినము విందు పెట్టినచో వేళ్ళకు గాలి తగులదు. గాలి లేనిచోట బూజుజాతి జీవులు చేరి వేరును, వేరునుండి కాండమును తినివేయును.

ఈ రాత్రివ్యాపారమును గూర్చిన తొలి యానవాళ్ళలో నొకటి తీసికొని వచ్చినవాడు మన తెలుగునేలను చిరకాలము తిరిగినవాడే. బెంజమిన్ హేన్ అను జర్మను దేశస్థుడు 1793లో విలియం రాక్సుబరో కలకత్తాకు వెళ్ళిపోయిన తరువాత సామర్లకోటలోని కుంపిణీవారి తోట చూచినాడు. రణపాల యాకు ఉదయమున నమలిన పుల్లగను, మధ్యాహ్నమునకు చప్పగను ఉండుననియు, సాయంకాలమునకు చేదగుననియు అతడు వ్రాసిన లేఖ 1815లో లండను లిన్నేయన్ సంఘమువారి సంపుటమున అచ్చయినది. జెముడు కాదు గాని రణపాలదియు నీ పద్ధతియే. మా పెరటిగోడకు రణపాల గలదు. సూర్యోదయమున ఒకటి, పాఠశాల వదలిన పిదప ఒకటి నమలి చూచితిని. పులుపు, చప్పదనము నిజమే. చేదు నా నాలుకకు తెలియలేదు. గోడకడ నిలిచి ఆకులు నములుచున్న నన్ను చూచి ప్రక్కయింటివారేమనుకొనిరో విచారింపలేదు.

శస్త్రచికిత్స మరుసటి యాదివారము వంటింటి గుమ్మము ముందర జరిగినది. పాతపత్రికలు పరచి, మందుల దుకాణమున కొన్న స్పిరిటును, కూరగాయల చాకును, పొడిచేసిన గంధకమును సిద్ధపరచితిని. చెల్లెలు వచ్చి ప్రక్కన కూర్చున్నది. కుండీ బోర్లించి మట్టి దులుపగా వేళ్ళు నల్లని నూలుపోగులవలె చేతికి వచ్చినవి. చాకు పట్టుకొంటిని గాని నా చేయి వణకినది. ఎక్కడ కోయవలెనో పుస్తకమున నున్నది. ఎంత ధైర్యము కావలెనో పుస్తకమున లేదు. “ఇలా ఇయ్యి” అని చెల్లెలు చాకు తీసికొన్నది.

మొదటి కోత బొటనవ్రేలి వెడల్పున కోసినది. లోపల గోధుమరంగు ముద్ద. చాకును స్పిరిటుతో తుడిచి మరల కోసినది. ఒక్కొక్క కోతకును తుడువవలెను. లేనిచో కుళ్ళు చాకుతోపాటు పైకెక్కును. రెండవ బిళ్ళలో నడుమనున్న నాళముల వలయము ఇటుకరంగుగ నున్నది. పైకి చుట్టును తెల్లగ నున్నను ఆ వలయమున ఎఱ్ఱచుక్క యొక్కటి మిగిలినను చాలదట. మూడు, నాలుగు. ప్రతి బిళ్ళను వెలుతురునకు ఎత్తిపట్టి చూచి ప్రక్కన పెట్టుచుండెను. అయిదవ బిళ్ళ తీసిన తరువాత మిగిలినది నిమ్మకాయంత. అందును ఎఱ్ఱచుక్కయే. నేను “ఇక చాలునేమో” అంటిని. “చాలదు” అని మరియొకటి కోసినది. అప్పటికి తల్లిమొక్క యని చెప్పుకొనుటకు ఏమియు మిగులలేదు. ముండ్లకుచ్చు మాత్రము మిగిలినది; దానిని పత్రికలో చుట్టినది. పిలకలు మూడును తీసి చూడగా రెండింటి అంటు తెల్లగ నున్నది. మూడవదానికి కొంచెము గోరెడు కోయవలసివచ్చినది. మూడింటికిని గంధకము అద్దితిమి.

అప్పుడు మా యమ్మ వంటింటినుండి వచ్చి ఆ నల్లని బిళ్ళలను చూచి, “నేను రోజూ నీళ్ళు పోసేనే! ఒక్కరోజు మానలేదే!” అని కన్నీరు పెట్టుకొన్నది. నీరే దానికి విషమైనదని నేను శాస్త్రము చెప్పబోగా చెల్లెలు సైగచేసి వారించినది. అమ్మ లోపలికి పోయిన తరువాత, నీకు తెలియునా యని చెల్లెలి నడిగితిని. తెలియునన్నది. వర్షాకాలమున దానికి నీరు చూపరాదని మొదటినుండి తెలియునట. మరి యేల చెప్పలేదు? పత్రికలు మడచుచు చెల్లెలు ఇట్లన్నది: “ఎలా చెప్పను అన్నయ్యా? అన్నం పెడుతున్న చేత్తో పోస్తున్న నీళ్ళు. వద్దు అనడానికి నోరు రాలేదు.” కుండీని పెరటిలోనికి తీసికొనిపోయినది అమ్మ గాదని కూడ అప్పుడే తెలిసినది. పెదతల్లిగారు వెళ్ళిన రాత్రి చెల్లెలే తీసికొనిపోయి అక్కడ పెట్టినదట. “మీరెవరూ ఏమీ అనలేదు కదా. అంటే మీకూ అదే అనిపించిందేమో అనుకున్నాను.”

ఏమనుటకును తోచక నేను చేతులు కడుగుకొనుటకు పోయితిని. గంధకము త్వరగ పోదు.

మా యిల్లు తాతగారు కట్టినది. నాన్నగారు పోయిన తరువాత పన్నురసీదులు నా పేర వచ్చుచున్నవి. కూతురికి కొడుకుతో సమముగ పిత్రార్జితమున హక్కు కలిగించు సవరణ మన రాష్ట్రమున 1985 సెప్టెంబరునుండి అమలైనది, పెండ్లికాని యాడుపిల్లలకు వర్తించునట్లు. దేశమంతటికిని 2005లో పెండ్లియైన వారిని గూడ కలుపుకొని వచ్చినది. తండ్రి ఆ తేదీకి జీవించియుండనక్కరలేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చినది. ఈ తేదీలు నాకు కంఠస్థము. ఉపాధ్యాయుల గదిలో ఎవరైన తడబడినచో దిద్దుదును. కిటికీ యామెది, చూరు ఆమెది, తులసికోటలో సగము ఆమెది. అట్టి యింట ఒక చెంబెడు నీరు వలదనుటకు ఆమెకు నోరు రాకపోయినది. చట్టము ఇంటిలోనికి వచ్చినది గాని వీథిగదిలోనే నిలిచిపోయినదన్నమాట. దానిని లోపలికి పిలువవలసినవాడు పత్రిక చదువుచుండెను.

దసరా సెలవులలో రిజిస్ట్రారు కార్యాలయమునకు పోయి ఇంటి పత్రములలో చెల్లెలి పేరు చేర్పించు పని మొదలుపెట్టితిని. అది మూడు నెలలు పట్టినది. ఆ ప్రయాణముల కథ చదువరులందరు ఎరిగినదే, చెప్పి విసిగింపను.

పిలకలు అప్పటికి గూటిలో నొక పళ్ళెముమీద ఆరుచున్నవి. పొడిదేశములలో వారము పదిదినములకే కోతపై పొర కట్టునని పుస్తకములలో నుండును. మన సముద్రపుగాలికి ఇరువదిదినములు పట్టినది. ఇందు కష్టమైన పని యేమియు చేయకుండుట. ప్రతి యుదయము వానిని చూచినపుడు ఒక చుక్క నీరైనను చిలుకరింపవలెనని నా వ్రేళ్ళు తహతహలాడెడివి. వేరులేని మొక్కను మట్టిలేక నీరులేక గాలిలో వదలి బ్రతుకుమనుట నిర్దయగ తోచును. అయినను లోపలి నిలువతో అది బ్రతుకును. పదునెనిమిదవ దినమున చెల్లెలు పిలిచి చూపినది: ఒకదాని యడుగున గులాబివన్నె కొన లొకటి రెండు.

మట్టి మేమే కలిపితిమి. దూది వలె చెమ్మపట్టు మన్ను పనికిరాదు. నాగావళి యొడ్డునుండి పూర్వము తెచ్చి ఉంచిన ముతక యిసుకను కడిగి రెండుపాళ్ళు, చితుకగొట్టిన ఇటుకముక్కలు ఒకపాలు, ఆకుమన్ను ఒకపాలు, కొంచెము బొగ్గు. పింగాణీకి బదులు కుమ్మరివాని మట్టికుండీలు; వాని గోడలు నీటిని పీల్చి ఆవిరి చేయును. అడుగున చిల్లు పెద్దది. పళ్ళెము లేదు. నాటిన పిదప మరి పదిదినములు నీరు పోయలేదు. కొలతలను నేను పద్యపాదములవలె వల్లించుచుండగా చెల్లెలు, “గిడుగువారి ఊరికి ఇరవై క్రోసుల్లో పుట్టి, మొక్కకి కూడా గ్రాంథికంలోనే మందు వేస్తావేమిటి?” అని వేళాకోళము చేసినది. ఆ వేళాకోళము విని చాలకాలమైనది.

మూడింటిలో నొకటి దక్కలేదు. గోరెడు కోసిన మూడవది మార్గశిరమున నల్లబడినది. మిగిలిన రెండింటిలో నొకదానిపై పుష్యమున తెల్లని దూదివంటి చుక్కలు కనిపించినవి. నాకు గుండె ఝల్లుమనినది. ఏలయనగా తెల్లదూదిని గూర్చి మా యింట నొక కథ గలదు. మా తాతగారి బాల్యమున ఊరి పొలిమేరలు, గట్లు, స్మశానము నాగజెముడుతో నిండి మనుష్యుడు దూరుటకు సందులేకుండెడిదట. ఒక యేడు వానిపై తెల్లని దూది పట్టినదనియు, నలిపిన నెత్తురువంటి రంగు చేతికంటినదనియు, రెండు మూడేండ్లలో ఆ పొదలన్నియు కూలి బూడిదయైనవనియు చెప్పెడివారు. గ్రామదేవత కోపమని కొందరు, కరుణ యని కొందరు చెప్పుకొనిరట. అది దేవత కాదు, పురుగు. పట్టుబట్టలకు ఎఱ్ఱరంగు నిచ్చు పురుగనుకొని 1795లో బ్రెజిలునుండి తెచ్చినది వేరొక నాసిజాతిగ తేలినది. రంగు దొరకలేదు గాని అది నాగజెముళ్ళలో నొక జాతిని తినివేసినది. అది తినని జాతులు దక్షిణమున విస్తరింపగా, 1926లో సింహళమునుండి మరియొక జాతిపురుగును తెచ్చి వదలిరి. అయిదారేండ్లలో లక్ష యెకరముల నేల తెరపి యైనది. తాతగారు చూచినది దానినే కావచ్చును.

ఆ తెల్లదూదిని సూదిమొనతో తీసి కాగితముపై నలిపితిని. ఎఱుపు రాలేదు. పిండినల్లి మాత్రమే. దూదిపుల్లను స్పిరిటులో ముంచి ఒక్కొక్క చుక్కకు అద్దితిమి. వారమునకొకమారు చొప్పున మూడు వారములు. పోయినది.

సంక్రాంతికి పెదతల్లిగారు వచ్చిరి. కుండీలు రెండును ముందుగది తూర్పుకిటికీలో నున్నవి. ఆమె చూచిరి. “మళ్ళీ తెచ్చి ఇక్కడే పెట్టేరూ?” అనిరి. ఈసారి నాచేత పత్రిక లేదు. అయినను గొంతు పెగలుటకు ఒక క్షణము పట్టినది. “అది చెల్లి మొక్క పెద్దమ్మా. ఆ కిటికీ కూడా చెల్లిదే. ఎక్కడ పెట్టుకోవాలో దాని ఇష్టం” అంటిని. నేననుకొన్నంత గంభీరముగ రాలేదు. చివర కొంచెము కీచుమన్నది. పెదతల్లిగారు నావంకయు మా యమ్మవంకయు చూచిరి. “నా కెందుకులే, మీ మంచికే చెప్పేను” అని, అరిసెలలో బెల్లము ఎక్కువైనదని చెప్పి, సాయంకాలపు బస్సునకు వెళ్ళిరి. ఆమె నమ్మకము మారినదని నేను చెప్పను. ఆమె గుమ్మమున బ్రహ్మజెముడు ఇప్పటికిని వ్రేలాడుచున్నది. మా యింటికి వచ్చుట మానలేదు, అంతవరకు మేలే.

చెల్లెలిప్పుడు ఊరిలోనే యొక కార్యాలయమున లెక్కలు వ్రాయు పనిలో నున్నది. ఉదయము తొమ్మిదింటికి పోవును. మొక్కలు రెండును నిమ్మకాయలంతైనవి. పూయుటకు ఇంక నెన్నేండ్లు పట్టునో. మా యమ్మకు వానిని నీరులేక చూచుట నేటికిని కష్టముగనే యున్నది. తులసికి పోసి, చెంబులో మిగిలిన నీటితో కిటికీకడకు వచ్చి నిలుచుండి, “ఇవాళ పోయనా?” అని యడుగును.

“వద్దమ్మా” అని చెల్లెలు లోపల జడ వేసికొనుచునే చెప్పును. అమ్మ ఆ నీటిని తీసికొనిపోయి కరివేపకు పోయును.